‘లో రిస్క్’ అన్నది ఎవరి లెక్క?

2024 జనవరి మొదటి వారంలో అమెరికాలో ఓ వింత జరిగింది. ఆ దేశ రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ ఆస్పత్రిలో ఉన్నారు, అదీ ఐసీయూలో. ఆ సంగతి మూడు రోజుల దాకా అధ్యక్షుడు బైడెన్‌కే తెలీదు! జబ్బేంటో తెలియడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. ప్రోస్టేట్ క్యాన్సర్. డిసెంబర్ 22న గుట్టుగా ఆపరేషన్ చేయించుకున్నారు, ఇన్ఫెక్షన్ రావడంతో జనవరి 1న మళ్లీ చేరారు. పెద్ద గొడవే అయింది. ఫిబ్రవరి 1న ఆయన మీడియా ముందుకొచ్చి, చెప్పకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నారు. మావాళ్లలో ఇలాంటి విషయాలు బయటికి చెప్పుకోవడం ఇంకా తక్కువ అని కూడా అన్నారు. మావాళ్లు అంటే నల్లజాతి వాళ్లు అని.

చెప్పుకోకపోవడంలో మనవాళ్లేం తక్కువ తిన్లేదు. ఆ సంగతి తర్వాత. ముందు లెక్క చూడండి. అమెరికాలో మగవాళ్లందరినీ కలిపి చూస్తే ఎనిమిది మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్యాన్సర్ బయటపడుతుంది. నల్లజాతి వాళ్లలో అయితే ఆరుగురిలో ఒకరికి. చావుల దగ్గరికొస్తే తేడా ఇంకా ఎక్కువ, తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు.

ఎందుకలా? జీన్లలోనే ఏదో ఉందా? ఉంటే మరి మన జీన్ల సంగతేంటి?

మీకు పాతికేళ్లు, ప్రోస్టేట్ గోల నాకెందుకు బాస్ అనిపించొచ్చు. మీ నాన్నకి యాభై ఐదో అరవయ్యో ఉంటాయి కదా, అందుకు. మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి ఇది. వయసు పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. చాలామందిలో ఆ పెరుగుదల క్యాన్సర్ కానే కాదు, మామూలు వాపే. కొందరిలో మాత్రం అవుతుంది.

జీన్ల కథ చెప్పాలంటే అమ్మమ్మ కుట్టిన బొంత గుర్తు తెచ్చుకోవాలి. ఈ ముక్క అమ్మ పాత చీరది, ఆ ముక్క పెద్దమ్మది అని చూడగానే చెప్పేస్తాం. ఆఫ్రికన్ అమెరికన్ల డీఎన్ఏ అలాంటి బొంతే. బానిసలుగా పట్టుకొచ్చిన పశ్చిమ ఆఫ్రికా వాళ్ల ముక్కలు కొన్ని, యూరప్ ముక్కలు కొన్ని. సగటున ఐదు వంతుల్లో నాలుగు వంతులు ఆఫ్రికాది. ఏ ముక్క ఎక్కడిదో ఇప్పుడు ల్యాబ్‌లో తేల్చేయొచ్చు.

2006లో మాథ్యూ ఫ్రీడ్‌మన్, క్రిస్టఫర్ హైమన్, డేవిడ్ రైక్ వాళ్ల టీమ్ చేసింది ఇదే. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన సుమారు 1,600 మంది ఆఫ్రికన్ అమెరికన్ల బొంతలు పరిచి చూశారు. ఐడియా సింపుల్. జబ్బుని పెంచే ముక్క ఆఫ్రికా వైపు నుంచి వచ్చినదైతే, పేషెంట్ల బొంతల్లో ఆ చోట ఆఫ్రికా ముక్క ఉండాల్సిన దానికంటే ఎక్కువసార్లు కనిపించాలి. కనిపించింది. 8వ క్రోమోజోమ్ మీద 8క్యూ24 అనే చోట.

అసలు ట్విస్ట్ ఏంటంటే, అదే ఏడాది ఐస్‌లాండ్‌లో డీకోడ్ అనే కంపెనీ వాళ్లు వేరే దారిలో వెతుక్కుంటూ వెళ్లి సరిగ్గా అదే చోట తేలారు. ఐస్‌లాండ్ అంటే మంచు, వైకింగ్‌ల వారసులు. ఆఫ్రికాకీ వాళ్లకీ ఏం చుట్టరికం? జీన్ల లెక్కలో ఉంది. 8క్యూ24లో రిస్క్ పెంచే తేడాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కొన్ని అందరిలోనూ ఉన్నాయి, కాకపోతే ఆఫ్రికా మూలాల వాళ్లలో ఎక్కువ మందిలో ఉన్నాయి. ఆ తర్వాత దొరికిన ఒక తేడా అయితే దాదాపు ఆఫ్రికా మూలాల వాళ్లలోనే కనిపిస్తుంది. వాళ్లలో నూటికి 12 మంది దాకా దాన్ని మోస్తున్నారు. ఉన్నవాళ్లకి రిస్క్ సుమారు రెట్టింపు.

ఇంకో తమాషా, ఆ చోట చెప్పుకోదగ్గ జీనే లేదు. ఖాళీ స్థలం లాంటిది. పక్కనే మిక్ అని ఒక జీన్ ఉంది, కణాలు విడిపోయి పెరగడానికి అది కావాలి. ఖాళీ స్థలంలోని ఈ తేడాలు ఫ్యాన్ రెగ్యులేటర్‌లా పనిచేసి మిక్‌ని ఎక్కువ తక్కువ చేస్తాయని సైంటిస్టుల అభిప్రాయం.

ఇక నాకు బాగా నచ్చే కథ హాక్స్‌బీ13 అనే జీన్‌ది. 2012లో ఇందులో ఒకే ఒక్క అక్షరం మార్పు కనిపెట్టారు. అది ఉంటే ప్రోస్టేట్ క్యాన్సర్ రిస్క్ బాగా పెరుగుతుంది. కానీ అది ఉండేది ఎక్కువగా ఫిన్లాండ్, స్వీడన్ లాంటి ఉత్తర యూరప్ మూలాల వాళ్లలోనే. సరే, మిగతా ప్రపంచం సేఫ్ అనుకున్నారా? చైనా పేషెంట్లలో వెతికితే అదే జీన్‌లో వేరే చోట ఇంకో మార్పు దొరికింది. జపాన్‌లో మరొకటి. పశ్చిమ ఆఫ్రికా మూలాల వాళ్లలో, కరీబియన్ దీవి మార్టినిక్ లాంటి చోట్ల, మరీ విచిత్రంగా ఆ జీన్ చివర ఫుల్‌స్టాప్ ఎగిరిపోయింది. ఫుల్‌స్టాప్ లేని వాక్యంలా ఆ ప్రోటీన్ ఆగాల్సిన చోట ఆగకుండా పొడుగవుతుంది.

జీన్ ఒకటే, తప్పు పడిన చోటు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా. ఇప్పుడు ఫిన్లాండ్ అక్షరాన్ని మాత్రమే చూసే టెస్ట్ ఒకటి ఉందనుకోండి. దాన్ని మార్టినిక్ మనిషికి చేస్తే రిజల్ట్ ఏమొస్తుంది? ‘ఏమీ లేదు’ అని. అబద్ధమేం కాదు, వెతికిన చోట ఏమీ లేదు మరి!

ఉమ్మి పరీక్షల గురించి ఈ కాలమ్‌లో ఇంతకుముందు రాసినప్పుడు డల్లాస్ నుంచి ఒక పాఠకుడు స్క్రీన్‌షాట్ పంపాడు. ఏదో యాప్‌లో వాళ్ల నాన్నగారి డీఎన్ఏ ఎక్కిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ దగ్గర ఆకుపచ్చ రంగులో ‘లో రిస్క్’ అని వచ్చిందట. ‘నాన్న ఇక పీఎస్ఏ టెస్ట్ వద్దంటున్నారు, ఓకేనా?’ అని అడిగాడు. అప్పుడు రెండు ముక్కల్లో జవాబిచ్చాను గానీ, ఆ ఆకుపచ్చ రంగు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి రెండు ముక్కలు చాలవు.

ఒక్క 8క్యూ24తోనో హాక్స్‌బీ13తోనో అయిపోయే కథ కాదిది. చిన్న చిన్న తేడాలు వందల్లో ఉన్నాయి, ఒక్కోటి రిస్క్‌ని రవ్వంత పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. 2021లో డేవిడ్ కాంటీ, క్రిస్టఫర్ హైమన్ వాళ్ల బృందం లక్షా ఏడు వేలకు పైగా పేషెంట్లని, లక్షా ఇరవై ఏడు వేల మంది జబ్బు లేనివాళ్లని పోల్చి 269 తేడాలు లెక్కగట్టింది. 2023కి ఆ లెక్క 451 అయింది. ఇవన్నీ కూడితే వచ్చే మార్కే మీ స్కోరు. ఆ 269తో లెక్కేస్తే ఆఫ్రికా మూలాల మగవాళ్ల సగటు రిస్క్ యూరప్ వాళ్ల కంటే 2.18 రెట్లు వచ్చింది. చైనా, జపాన్ వైపు వాళ్లది 0.73 రెట్లే. అంటే మొదట మనం అడిగిన ప్రశ్నకి, ‘అవును, జీన్లలో కొంత ఉంది’ అన్నదే జవాబు. ఈ మాట చెప్పడానికి కొందరు ఇబ్బంది పడతారు, జాతి వివక్ష వైపు వెళ్తుందేమోనని. భయం న్యాయమైనదే గానీ నిజం దాచి లాభం లేదు.

కానీ అదే పేపర్‌లో ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ హెడ్‌లైన్ చేయలేదు. స్కోరులో టాప్ పది శాతంలో ఉన్నవాళ్లని మధ్యలో ఉన్నవాళ్లతో పోలిస్తే, యూరప్ మూలాల వాళ్లలో రిస్క్ ఐదు రెట్లు తేలింది. ఆఫ్రికా మూలాల వాళ్లలో 3.74 రెట్లే. అంటే ఈ కొలబద్ద తెల్లవాళ్లని బాగా కొలుస్తుంది, నల్లవాళ్లని కాస్త మసకగా కొలుస్తుంది. ఎందుకంటే దాన్ని తయారుచేసిన డేటాలో తెల్లవాళ్లే ఎక్కువ. 2019లో అలీషియా మార్టిన్ అనే సైంటిస్టు వాళ్లు లెక్కేస్తే, ఇలాంటి జీనోమ్ అధ్యయనాలన్నిటిలో పాల్గొన్నవాళ్లలో దాదాపు 79 శాతం యూరప్ మూలాల వాళ్లే.

మరి మనం? ఆ 2021 అధ్యయనంలో నాలుగు బుట్టలున్నాయి: యూరప్, ఆఫ్రికా, తూర్పు ఆసియా, హిస్పానిక్. 2023లోనూ అవే నాలుగు. దక్షిణాసియా అనే బుట్టే లేదు. నూట నలభై కోట్ల మందిమి, పక్కన పాకిస్తాన్, బంగ్లాదేశ్ కలిపితే ఇంకా ఎక్కువ, ఒక్క బుట్టకి కూడా నోచుకోలేదు. డల్లాస్ నాన్నగారి ఆకుపచ్చ రంగు ఏ బుట్ట లెక్కతో వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చావుల లెక్కకి వద్దాం, ఎందుకంటే అక్కడ కథ మారుతుంది. అమెరికాలో మాజీ సైనికులకి ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. అక్కడ ఇన్సూరెన్స్ ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా పెద్దగా ఉండదు. అందరికీ ఒకే డాక్టర్లు, ఒకే మందులు. అక్కడ ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడిన 60 వేల మంది రికార్డులు చూసి 2020లో ఒక పేపర్ వచ్చింది. పదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు తెల్లవాళ్లలో 5.1 శాతం, నల్లవాళ్లలో 4.4 శాతం. మళ్లీ చదవండి, తప్పు పడలేదు. బయట రెట్టింపు ఉన్న తేడా, వైద్యం సమానంగా అందిన చోట మాయమైపోయింది. జబ్బు రావడంలో జీన్ల చెయ్యి ఎంత ఉన్నా, చనిపోవడంలో ఆస్పత్రి గడప చెయ్యి చాలా ఎక్కువ ఉందన్నమాట.

జబ్బు రావడం కూడా అంతా జీన్లే కాదు. జపాన్ నుంచి హవాయి, లాస్ ఏంజిలిస్ వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ రేటు జపాన్‌లో ఉండిపోయిన వాళ్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువగా తేలింది. ఓడెక్కితే జీన్లు మారవు కదా! తిండి మారింది, బతుకు మారింది, ఇంకోటేంటంటే టెస్టులు కూడా పెరిగాయి. వెతికితే దొరుకుతుంది.

ఇంగ్లాండ్ లెక్క ఒకటి మనకి బాగా దగ్గరగా ఉంటుంది. 2015లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం జీవితకాలంలో ఈ క్యాన్సర్ బయటపడేది నల్లజాతి మగవాళ్లలో నలుగురిలో ఒకరికి, తెల్లవాళ్లలో ఎనిమిది మందిలో ఒకరికి, ఏషియన్లలో 13 మందిలో ఒకరికి. అక్కడ ఏషియన్ అనే గడిలో ఎక్కువమంది మన ఉపఖండం మూలాల వాళ్లే. 13 మందిలో ఒకరు అంటే తక్కువే, కానీ మీ పెళ్లి ఫొటోలో స్టేజీ మీద నిలబడ్డ బాబాయ్‌లని, మావయ్యలని ఒకసారి లెక్కపెట్టండి. చనిపోయే లెక్క వరసగా 12 మందిలో ఒకరు, 24లో ఒకరు, 44లో ఒకరు. ఇక్కడ చిన్న భాగహారం చేయండి. నలుగురిలో ఒకరికి వచ్చి, 12లో ఒకరు పోతున్నారంటే, వచ్చినవాళ్లలో ముగ్గురికి ఒకరు. తెల్లవాళ్లలోనూ ముగ్గురికి ఒకరు. మనవాళ్లలోనూ ముగ్గురికి ఒకరు, కాస్త అటూఇటూగా. జబ్బు వచ్చే అవకాశంలో జాతుల మధ్య అంత తేడా ఉంది. వచ్చాక మాత్రం దానికి అందరూ ఒకటే.

ఇండియాలో ఈ క్యాన్సర్ రేటు అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ. ఇంగ్లాండ్ మనవాళ్ల లెక్క పక్కన పెట్టి చూస్తే, ఆ తక్కువలో జీన్ల వాటా ఎంత, టెస్టులు చేయించుకోకపోవడం వాటా ఎంత అన్న అనుమానం రాక మానదు. మన దగ్గర చాలామందిలో అది ఎముకలకి పాకాకే బయటపడుతోంది. నడుం నొప్పి అని ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్తే అక్కడ తెలుస్తుంది. అప్పటిదాకా రాత్రిళ్లు నాలుగుసార్లు లేచినా ‘షుగర్ వల్లేలే’, ‘వయసు కదా’. అమ్మతో కూడా చెప్పరు. ఆస్టిన్ గారు గుర్తున్నారా?

‘దక్షిణాసియా’ అని ఒక బుట్ట పెట్టేస్తే సరిపోతుందా అంటే, అదీ డౌటే. పైన బొంత కథలో డేవిడ్ రైక్ అని ఒక పేరు చూశారు కదా. ఆయనే హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ సైంటిస్టులు లాల్జీ సింగ్, తంగరాజ్‌లతో కలిసి 2009లో మన దేశంలో 25 సమూహాల డీఎన్ఏ చూశారు. తేలిందేంటంటే, ఇక్కడ పక్కపక్క ఊళ్లలో ఉండే రెండు కులాల మధ్య జీన్ల తేడా, యూరప్‌లో రెండు దేశాల మధ్య తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు. కారణం మనకి తెలిసిందే: ఎన్నో తరాలుగా పెళ్లిళ్లు సొంత కులంలోనే. ఎప్పుడో ఒక పూర్వీకుడిలో ఉన్న అరుదైన మార్పు ఆ గుంపులోనే తిరుగుతూ పెరుగుతుంది. మన ఆర్యవైశ్యుల్లో దీనికో ఉదాహరణ ఉంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందుని శరీరం విరగ్గొట్టలేని లక్షణం వీళ్లలో మిగతా వాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. మత్తు డాక్టర్‌కి ముందే తెలిస్తే ఏ సమస్యా లేదు, వేరే మందు వాడతారు. ఇందులో ఎక్కువా తక్కువా అనేదేం లేదు, ప్రతి గుంపు దగ్గరా ఏదో ఒక ఇలాంటి మూట ఉంటుంది. ప్రోస్టేట్ విషయంలో మన గుంపుల మూటల్లో ఏముందో ఎవరూ పెద్ద ఎత్తున విప్పి చూడలేదు. జీనోమ్ ఇండియా కింద పది వేల మంది భారతీయుల డీఎన్ఏ డేటా 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి వచ్చింది. అది క్యాన్సర్ కోసం చేసింది కాదు గానీ, పోల్చుకోవడానికి మనదంటూ ఒక ఆధారం దొరికింది.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. ప్రపంచంలో జీన్ల వైవిధ్యం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆ ఖండంలోనే. అలాంటిది ఫారంలో ‘బ్లాక్’ అని ఒక్క గడి! సెనెగల్ మనిషీ, దక్షిణాఫ్రికా మనిషీ ఆ గడిలో ఒకటే.

అయితే డల్లాస్ నాన్నగారు పీఎస్ఏ చేయించుకోవాలా? పీఎస్ఏ అనేది మామూలు రక్తపరీక్ష. ఇబ్బంది ఏంటంటే మామూలు వాపుకీ, ఇన్ఫెక్షన్‌కీ కూడా అది పెరుగుతుంది. పెరిగితే క్యాన్సర్ అని కాదు, పెరగకపోతే లేదని గ్యారంటీ కాదు. పైగా చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లు నత్తనడకవి. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అనే అధ్యయనం 2023లో చెప్పిందేంటంటే, తొలిదశలో దొరికినవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నా, రేడియేషన్ తీసుకున్నా, కేవలం కనిపెట్టుకుని ఉన్నా, 15 ఏళ్ల తర్వాత 97 శాతం మంది ఈ క్యాన్సర్ వల్ల మాత్రం చనిపోలేదు. (అందులో పాల్గొన్నవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే, మళ్లీ అదే కథ.) అందుకే అందరూ రేపే ల్యాబ్‌కి పరుగెత్తమని ఏ డాక్టరూ చెప్పడు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాట ఏంటంటే, మామూలు రిస్క్ ఉన్నవాళ్లు 50 ఏళ్లకి దీని గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. నల్లజాతి వాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో 65 లోపు వచ్చినవాళ్లు 45కే. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి అలా వస్తే 40కే.

చూశారా, యాప్ స్కోరు ఈ లిస్టులో లేదు. మన జీన్ల గురించి పైన చెప్పిన డేటా అంతా వచ్చేదాకా, తెలుగు కుటుంబానికి ఉన్న నిఖార్సయిన జెనెటిక్ టెస్ట్ ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకమే. తండ్రికో సోదరుడికో ఉంటే రిస్క్ రెట్టింపు దాటుతుంది, ఆ లెక్కకి ఏ బుట్టా అక్కర్లేదు.

అడిగేటప్పుడు నాన్న వైపే అడిగి ఆగిపోకండి. బీఆర్‌సీఏ2 అని ఒక జీన్ ఉంది, ఆడవాళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి పేరుమోసింది. అందులో తేడా ఉన్న మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ రావడమే కాదు, వచ్చేది దూకుడు రకం అయ్యే అవకాశం కూడా ఎక్కువ. అది తల్లి వైపు నుంచి కూడా దిగుతుంది. కాబట్టి అమ్మమ్మకీ, పిన్నులకీ రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అన్నది నాన్న ప్రోస్టేట్ ప్రశ్న కాకపోయినా మీ ప్రోస్టేట్ ప్రశ్నే. పిన్ని దగ్గర అడగడం ఇబ్బందైతే అమ్మ చేత అడిగించండి. ‘ఏదో గడ్డ, తీసేశారు’ అంటే అక్కడితో వదలకండి. ఎన్నో ఏట వచ్చింది, ఏ భాగంలో, బయాప్సీ రిపోర్టు ఉందా అని అడగండి. మన ఇళ్లలో బీరువా పైఅరలో ప్లాస్టిక్ కవర్లో ఆ ఫైల్ ఉండే ఉంటుంది. ఫొటో తీసి ఫోన్లో దాచుకుంటే చాలు, మిగతాది డాక్టర్ చూసుకుంటారు.